కథలు విసుగొచ్చి చరిత్ర, సైన్సు వ్యాసాలతో చైనీస్ చదువుతున్నాను. తప్పు చేస్తున్నానా?

నెల్లూరు_నాని
ఏడాదిన్నరగా చైనీస్ నేర్చుకుంటున్నాను. పోయిన డిసెంబర్లో హెచ్ఎస్‌కె 4 (చైనీస్ భాష పరీక్షలో నాలుగో మెట్టు) పాసయ్యాను. లెక్క ప్రకారం 1200 మాటలు వచ్చినట్టే. నేర్చుకునేవాళ్ళ కోసం రాసిన కథల పుస్తకాలు ఆరేడు చదివాను. ప్రతి దాంట్లోనూ ఒక షియావో మింగ్ ఉంటాడు. దారి తప్పుతాడు, లేకపోతే క్లాసులో అమ్మాయికి చీటీ రాస్తాడు. నాకు నలభై ఏళ్ళు. వాడి చీటీ గొడవ నాకెందుకు?

అందుకే రెండు నెలల నుంచి చిన్న చిన్న వ్యాసాలు పట్టుకున్నాను. మూడు నాలుగొందల అక్షరాలుంటాయి. భూకంపాలు, కాగితం పుట్టుక, తోకచుక్కలు, పాత కట్టడాలు. చదవాలని అనిపిస్తోంది, కానీ నత్తనడక. నిన్న జావోజోవ్ వంతెన మీద వ్యాసం చదివాను. సుయి వంశం కాలంలో లీ చున్ అనే ఆయన కట్టిన రాతి వంతెన. 1400 ఏళ్ళు దాటినా నిలబడే ఉంది. పొడవు 50 మీటర్ల పైచిలుకు, వెడల్పు 9 మీటర్ల పైన. పెద్ద కమాను భుజాల మీద చిన్న కమానులు నాలుగు, వరదొస్తే నీళ్ళు వాటిలోంచి కూడా పోతాయి. ఇంత తెలుసుకోవడానికి రెండు గంటలు పట్టింది. 43 మాటలకు డిక్షనరీ చూశాను. తీరా అది అక్కడి మూడో తరగతి వాచకంలో పాఠమట! ఆ రాత్రి అన్నం సయించలేదు.

మా ఆన్‌లైన్ టీచరమ్మేమో ముందు సంభాషణలు, తరవాత నవలలు, ఇవన్నీ చివర్లో అంటోంది. ఈ దారిన పోయి బాగుపడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

(చైనా అక్షరాలు పెడితే నా ఫోన్లో అన్నీ డబ్బాలు కనిపిస్తున్నాయి. దయచేసి తెలుగులోనే రాయండి.)

శ్రీసిటీ_దుబాసీ
టీచరమ్మ చెప్పిందే కరెక్టు. ఆరేళ్ళుగా ఫ్యాక్టరీలో చైనా ఇంజనీర్లకీ మన కుర్రాళ్ళకీ మధ్య దుబాసీ పని చేస్తున్నాను. మొదట్లో నేనూ మీలాగే వ్యాసాలు చదివి వచ్చినవాణ్ణే. ఏదైనా ఫలానా చోట ఉందనడానికి వ్యాసాల్లో 'వెయ్‌యూ' అని రాస్తారు. మనుషులు మాత్రం 'జాయ్' అంటారు. నేను చేరిన వారంలో స్క్రూడ్రైవర్ ఎక్కడుందని అడిగితే 'వెయ్‌యూ' వేసి జవాబు చెప్పాను. "ఆ పనిముట్టు పెట్టె యందు నెలకొని యున్నది" అన్నట్టు వినిపించిందట. లైన్ మొత్తం ఆగి నవ్వారు. ఇప్పటికీ నన్ను 'ప్రొఫెసర్' అని పిలిచేవాళ్ళున్నారు.

గుంటూరు_ఘాటు
"పెట్టె యందు నెలకొని యున్నది" 😂 నేనైతే ఆ రోజే రాజీనామా ఇచ్చేవాణ్ణి.

చైనా_రిటర్న్_డాక్టర్
నాది వేరే అనుభవం. ఎంబీబీఎస్ అక్కడే చదివాను. క్లాసులు ఇంగ్లీషులో, పేషెంట్లు మాత్రం చైనీస్‌లో. మొదటి రెండేళ్ళు క్యాంటీన్ భాష తప్ప ఏమీ రాలేదు. నన్ను గట్టెక్కించింది ఆసుపత్రి గోడల మీద అంటించిన ఆరోగ్య పోస్టర్లు. అక్కడే నిలబడి చదివేవాణ్ణి.

సైన్సు మాటలు కష్టమనుకుంటాం కానీ చైనీస్‌లో అవే తేలిక. ఇంగ్లీషులో డయాబెటిస్ అనే మాట చూస్తే ఏమీ తెలియదు. చైనీస్‌లో 'థాంగ్ న్యావో బింగ్'. చక్కెర, మూత్రం, జబ్బు, అంతే. మన 'మధుమేహం' కూడా అచ్చం అదే కదా, మధువు లాంటి మూత్రం. ఈసీజీ అంటే 'షిన్ దియెన్ తూ', గుండె విద్యుత్తు బొమ్మ. అగ్నిపర్వతం 'హువో షాన్'. హువో నిప్పు, షాన్ కొండ. సూక్ష్మదర్శిని 'షియెన్ వెయ్ జింగ్', చిన్నదాన్ని కనబరిచే అద్దం. దూరదర్శిని 'వాంగ్ యువెన్ జింగ్', దూరం చూసే అద్దం. తెలుగు మీడియంలో పదో తరగతి చదివినవాడికి ఇవన్నీ పాత చుట్టాలే. ఇంగ్లీషు మీడియం వాళ్ళే ఇక్కడ వెనకబడతారు. జీవితంలో ఒక్కచోటైనా మనకి అడ్వాంటేజీ దొరికింది.

గుంటూరు_ఘాటు
డాక్టరు గారూ, డైనోసార్‌కి?

చైనా_రిటర్న్_డాక్టర్
'కొంగ్ లొంగ్'. భయంకరమైన డ్రాగన్. మన రాకాసి బల్లి కంటే ఒక మెట్టు పైన.

శ్రీసిటీ_దుబాసీ
పదాన్ని విడగొడితే అర్థం వస్తుందన్న ధీమా మరీ పెట్టుకోకండి. 'దోంగ్ షి' విడగొడితే తూర్పు, పడమర. కలిపితే 'వస్తువు'. 'మా షాంగ్' అంటే గుర్రం మీద, కలిపితే 'వెంటనే'. మేనేజర్ "మా షాంగ్" అన్నప్పుడల్లా నిజంగా గుర్రం ఎక్కి వస్తున్నట్టే ఉంటుంది లెండి.

పాత_పేజీల_పురుగు
దుబాసీ గారు చెప్పినవి వాడుక మాటలు. తరతరాలుగా అరిగి అర్థం మారినవి. శాస్త్రం మాటల్లో చాలా భాగం కూర్చుని ఆలోచించి కట్టినవి. అక్కడ కూడా తేడాలుంటాయి. తిమింగలం పేరులోనూ మొసలి పేరులోనూ 'చేప' ఉంటుంది. అయినా మొత్తం మీద డాక్టరు గారి మాటే నిలుస్తుంది.

దీనికి మూలకాల పేర్లను మించిన ఉదాహరణ లేదు. షాంఘైలో జియాంగ్‌నాన్ ఆయుధ కర్మాగారం ఉండేది. అక్కడ షూ షోవ్ అనే పండితుడూ, జాన్ ఫ్రయర్ అనే ఇంగ్లీషాయనా కలిసి రసాయన శాస్త్రం చైనీస్‌లోకి తెచ్చారు. 1871లో వాళ్ళ పుస్తకం అచ్చయింది. ఒక్కో మూలకానికి ఒక్కటే అక్షరం. అందులో ఒక భాగం జాతి చెబుతుంది, మిగతాది పలకడం చెబుతుంది. ఇప్పటి పట్టికలోనూ అదే పద్ధతి. వాయువైతే పైన గాలి గుర్తు. లోహమైతే పక్కన లోహం గుర్తు. బొగ్గు, గంధకం లాంటి గట్టి అలోహాలకి రాయి గుర్తు. పాదరసం లోహమే అయినా ద్రవం కాబట్టి దానికి నీళ్ళ గుర్తు. బ్రోమిన్‌కి కూడా నీళ్ళే. పట్టికలో ఏ గడి మీద వేలు పెట్టినా అది గాలో, నీరో, రాయో, లోహమో కంటికే తెలిసిపోతుంది.

పలకడంలో కూడా అర్థం దాచారు. హైడ్రోజన్ 'చింగ్', తేలిక అనే మాట నుంచి. ఆక్సిజన్ 'యాంగ్', పోషించడం నుంచి. నైట్రోజన్ 'దాన్', పలచన నుంచి. క్లోరిన్ 'ల్యూ', ఆకుపచ్చ నుంచి. మనవాళ్ళు ఉదజని, ఆమ్లజని అని గ్రీకు మాటల అర్థాన్ని సంస్కృతంలోకి తెచ్చారు. వాళ్ళు ఆ గ్రీకుని పక్కన పెట్టి వాయువు గుణం చూసి పేరు పెట్టారు. నాకు ఈ ఒక్క వ్యాసంతో నలభై అక్షరాలు వచ్చాయి, ఒక్కటీ మరిచిపోలేదు. షియావో మింగ్ కథలో నలభై అక్షరాలు ఎవరికి గుర్తుంటాయి?

నెల్లూరు_నాని
పురుగు గారూ, ఇప్పుడే పట్టిక తెరిచి చూశాను. పాదరసం కింద నిజంగానే నీళ్ళు! పన్నెండేళ్ళు కెమికల్స్ వ్యాపారం చేశాను, డబ్బాల మీద ఈ అక్షరాలే రోజూ చూశాను. ఏనాడూ గమనించలేదు.

లెక్కల_మాస్టారు
నాని గారి రెండు గంటల సంగతికి వద్దాం. 400 అక్షరాలంటే సుమారు 250 మాటలు వేసుకోండి. 43 తెలియవు, అంటే 83 శాతమే తెలుసు. డిక్షనరీ లేకుండా సాఫీగా చదవాలంటే నూటికి 98 మాటలు తెలిసుండాలని భాష నేర్పడం మీద పరిశోధన చేసినవాళ్ళు చెబుతారు. కాబట్టి మీరు చేస్తున్నది చదవడం కాదు, తవ్వడం. తవ్వడం తప్పని నేననను. కానీ రోజూ తవ్వితే నడుం పోతుంది.

ఇంకొకటి. వ్యాసాల నిండా అంకెలుంటాయి. ఇంగ్లీషులోకి మార్చుకుని చదివారో, చచ్చారే. వాళ్ళకి 'వన్' అంటే పదివేలు, 'యీ' అంటే పది కోట్లు. మధ్యలో 'షి వన్' అంటే లక్ష, 'చియెన్ వన్' అంటే కోటి. చందమామ దూరం 38 వన్ కిలోమీటర్లు అని రాస్తారు. ఒక సున్నా జరిపితే 3.8 లక్షలు. భూమి వయసు 46 యీ ఏళ్ళు, అంటే 460 కోట్లు. మిలియన్లు, బిలియన్లు మధ్యలోకి తెచ్చుకుంటే సున్నాలు చేతిలోంచి జారిపోతాయి. నేరుగా లక్షల్లోకి, కోట్లలోకి వెళ్ళండి.

శ్రీసిటీ_దుబాసీ
ఈ అంకెల ముక్క మాత్రం బంగారం మాస్టారూ. ఒక ఆర్డర్‌లో 'వన్'ని వెయ్యి అనుకుని చదివి నేను పడ్డ తిట్లు ఇన్నీ అన్నీ కావు.

సింగపూర్_అమ్మమ్మ
నాకు 63. మనవడికి ఇక్కడ బడిలో రెండో భాష చైనీస్. తెలుగు పెట్టరు కదా. వాడికి తోడుగా మొదలుపెట్టి ఇప్పుడు వాడికంటే నేనే ముందున్నాను, వాడితో అనకండి.

లైబ్రరీలో పిల్లల సైన్సు పుస్తకాలు బోలెడు. అక్షరాల నెత్తిన పిన్‌యిన్ అచ్చు వేసి ఉంటుంది, అంటే ఆ అక్షరాన్ని ఎలా పలకాలో ఇంగ్లీషు లిపిలో. దానితోనే వచ్చింది చిక్కు. కన్ను పోయి పోయి దాని మీదే వాలుతుంది, అక్షరం వైపు చూడనే చూడదు. ఆర్నెల్లు అలాగే చదివాను, తీరా పిన్‌యిన్ లేని పేజీ తీస్తే గోడలా కనిపించింది. ఇప్పుడు స్కేలు పెట్టి పై వరస మూసేసి చదువుతాను. ఆగిపోతేనే స్కేలు జరుపుతాను.

ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి గెంతకుండా ఒకే సంగతి మీద నాలుగైదు చదవండి. వానపాము మీద మొదటి పుస్తకానికి వారం పట్టింది. నాలుగోది కాఫీ తాగేలోపు అయిపోయింది. వానపాము గురించి ఎవరు రాసినా అవే మాటలు రాయాలి కదా.

గుంటూరు_ఘాటు
అమ్మమ్మగారూ, ఏ మాటకామాటే. కాఫీ చేతిలో పెట్టుకుని వానపాము మీద నాలుగు పుస్తకాలు చదివే ధైర్యం నాకు లేదు 🙏

మౌనపాఠకుడు
పేర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. చైనీస్‌లో మాటల మధ్య ఖాళీ ఉండదు, పేరుకి వేరే గుర్తూ ఉండదు. నేను ఒక వ్యాసంలో 'న్యూ' చూసి ఎద్దుల గురించి అనుకున్నాను. తరవాతి అక్షరంతో కలిపితే 'న్యూదున్'. న్యూటన్! ఎద్దు ఎందుకు ఆపిల్ చెట్టు కింద కూర్చుందా అని అరగంట ఆలోచించాను.

నెల్లూరు_నాని
😂😂 నాకూ అలాంటిదే. 'షువెన్‌జాంగ్' అనే సన్యాసి ఇండియాకి వచ్చాడని వ్యాసం. ఎవరో కొత్త మనిషి అనుకుని సగం చదివాక నలందా అని వచ్చింది. అప్పుడు వెలిగింది, మన ఏడో క్లాసు హుయాన్‌త్సాంగ్!

పాత_పేజీల_పురుగు
ఆయన బయల్దేరింది 629 ప్రాంతంలో, తిరిగి రాజధాని చేరింది 645లో. మరుసటేడు యాత్రా గ్రంథం 12 భాగాలుగా పూర్తయింది. నాని గారూ, మీరు తప్పక చదవాల్సింది అందులో పదో భాగానికి ఇప్పటి చైనీస్‌లో చేసిన అనువాదం. మన ఊళ్ళు అక్కడే ఉన్నాయి. 'అన్‌దాలువో' అంటే ఆంధ్ర. నేల సారవంతం, పంటలు బాగా పండుతాయి, వేడి ఎక్కువ అంటాడు. మాట తీరు మధ్య భారతానికి వేరుగా ఉంటుందట, రాత పద్ధతి మాత్రం దాదాపు ఒకటేనట. ఆ తరవాత ధాన్యకటకం, అంటే మన అమరావతి దగ్గరి ధరణికోట వైపు. అక్కడివాళ్ళ గురించి రెండు ముక్కలు రాశాడు. స్వభావం తీవ్రం, విద్యలంటే ఇష్టం.

గుంటూరు_ఘాటు
స్వభావం తీవ్రమా!! 1400 ఏళ్ళ కిందటే మా జిల్లాకి సర్టిఫికెట్ ఇచ్చాడన్నమాట. అంతా మిరపకాయ మహిమ.

లెక్కల_మాస్టారు
నాయనా, అప్పటికి మిరపకాయ మన దేశానికి రానేలేదు. పోర్చుగీసు వాళ్ళ కాలంలో వచ్చింది. కాబట్టి ఆ కోపం మీదే, కారానిది కాదు.

గుంటూరు_ఘాటు
ఇప్పుడు నిజంగా కోపం వస్తోంది మాస్టారూ.

చైనా_రిటర్న్_డాక్టర్
సంస్కృతం మాటల వేట కూడా మంచి కాలక్షేపం. బౌద్ధంతో పాటు వెళ్ళి అక్కడే కాపురం పెట్టినవి చాలా ఉన్నాయి. 'చానా' అంటే క్షణం. 'చాన్' ధ్యానం నుంచి. 'మోలీ' అంటే మల్లె జాతి పువ్వు, మల్లిక నుంచి వెళ్ళింది. మోలీ టీ ప్యాకెట్ చూసినప్పుడల్లా పుట్టింటి మనిషిని చూసినట్టు ఉంటుంది.

శ్రీసిటీ_దుబాసీ
అందరూ మంచి మంచి సంగతులు చెబుతున్నారు, నాకూ నచ్చుతున్నాయి. కానీ నాని అడిగింది భాష నేర్చుకోవడం గురించి. ఈ క్లోరిన్, ధాన్యకటకం పట్టుకుని వెళ్ళి హోటల్లో అన్నం తెప్పించుకోగలరా? వ్యాసం భాష వేరు, నోటి భాష వేరు. నేను పడ్డ నవ్వులు మీరు పడకూడదనే చెబుతున్నాను.

పాత_పేజీల_పురుగు
ఆ తేడా ఉందని ఒప్పుకుంటాను. దాన్నే వాళ్ళు 'షూమ్యెన్‌యూ' అంటారు, రాత భాష. చైనాలో హూ షి అనే రచయిత వాడుక భాషలో రాయాలని 1917లో వ్యాసం రాసి గొడవ మొదలుపెట్టాడు. ఇక్కడ గిడుగు రామమూర్తి గారు పోరాడుతున్నదీ ఆ కాలంలోనే. ఇద్దరూ గెలిచారు. అయినా ఈ పూట మన పేపరు తెరవండి: 'ప్రమాదం చోటుచేసుకుంది', 'ఉద్రిక్తత నెలకొంది'. ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా? అలాగని పేపరు చదవడం మానేస్తామా?

ఆ రాత మాటలు గట్టిగా చూస్తే ఇరవై ముప్పై. ఫలానా చోట ఉంది అనే 'వెయ్‌యూ', సుమారు అనే 'యువె', ఇంత దాకా ఉంటుంది అనే 'దా', ఫలానాగా పిలుస్తారు అనే 'బెయ్ చెంగ్‌వెయ్'. వాటిని ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. పక్కనే నోటి మాట రాయండి. నాని గారి 43లో పదో పదిహేనో ఇవే అయ్యుంటాయి, పందెం.

నెల్లూరు_నాని
లెక్కపెట్టాను. పన్నెండు.

సింగపూర్_అమ్మమ్మ
దుబాసీ బాబూ, అన్నం తెప్పించుకోవడానికి నాకు మూడు మాటలు చాలు, మూడేళ్ళ కిందటే వచ్చాయి. ఆ తరవాత ఎదుటి మనిషితో ఏం మాట్లాడతావు? పార్కులో పక్క బెంచీ ముసలాయనతో నేను మాట్లాడేది చుక్కల గురించీ, పాత రాజుల గురించీ. ఆయనకి షియావో మింగ్ ఎవరో తెలియదు.

శ్రీసిటీ_దుబాసీ
అమ్మమ్మగారి మాటకి నా దగ్గర జవాబు లేదు.

మౌనపాఠకుడు
చిన్న వ్యాసాల్లో రాసిందంతా నిజం అనుకోవద్దు. చంద్రుడి మీంచి, అంతరిక్షం నుంచి చైనా గోడ కనిపిస్తుందనే ముక్క ఎన్ని చోట్ల చదివానో. 2003లో చైనా మొదటి వ్యోమగామి యాంగ్ లివెయ్ పైకి వెళ్ళొచ్చి నాకు కనిపించలేదన్నాడు. అలాగే 132లో జాంగ్ హెంగ్ చేసిన భూకంప యంత్రం బొమ్మ. ఎనిమిది డ్రాగన్లు, కింద నోళ్ళు తెరిచిన కప్పలు. అసలు యంత్రం ఎప్పుడో పోయింది. అందరూ చూపించే ఆ బొమ్మ 1951లో వాంగ్ జెన్‌దువో పాత రాతల్ని బట్టి ఊహించి చేసిన నమూనా.

చైనా_రిటర్న్_డాక్టర్
నమ్మకంగా చదవదగ్గది ఒకటి చెబుతాను. చైనా శాస్త్రవేత్త తూ యోవ్‌యోవ్ మలేరియా మందు కథ. నాలుగో శతాబ్దంలో గ హోంగ్ అనే వైద్యుడు రాసిన చిట్కా అందులో వస్తుంది. మొత్తం 15 అక్షరాలే. "చింగ్‌హావో ఒక పిడికెడు, రెండు కొలతల నీళ్ళలో నానబెట్టి, పిండి రసం తీసి, అంతా తాగు." మన మాచిపత్రి జాతి మొక్కే అది. నానబెట్టి పిండమన్నాడు, మరిగించమనలేదు. అది చదివాక ఆవిడకి వేడి వల్ల గుణం పోతోందేమోనని తట్టింది. తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసింది. 1971లో 191వ నమూనా పనిచేసింది. 2015లో నోబెల్.

ఆ 15 అక్షరాలు పాత భాష, మిగతా వ్యాసం కొత్త భాష. నేను ముందు ఈ కథ తెలుగులో చదివి, తరవాత చైనీస్‌లో చదివాను. కథ తెలిస్తే సగం మాటలు వాటంతట అవే అర్థమవుతాయి. నాని గారూ, తెలియని విషయాన్ని తెలియని భాషలో చదవకండి. మీ రెండు గంటలకి అదే కారణం అనుకుంటున్నాను.

నెల్లూరు_నాని
సరే, అమ్మమ్మగారి పద్ధతీ డాక్టరు గారి పద్ధతీ కలిపి చూస్తాను. ఒకే సంగతి, ముందు తెలుగులో, తరవాత చైనీస్‌లో నాలుగు వ్యాసాలు. మూడు వారాలు టైమివ్వండి.

నెల్లూరు_నాని
మూడు వారాలన్నాను, నాలుగయ్యాయి. మధ్యలో మా అమ్మకి జ్వరం.

పట్టుకున్న సంగతి 1054లో కనిపించిన 'కె షింగ్', అతిథి నక్షత్రం. ఆకాశంలో ఉన్నట్టుండి కొత్తగా వెలిగే చుక్కని వాళ్ళు అలా పిలిచేవాళ్ళు. సోంగ్ వంశపు ఖగోళ ఉద్యోగులు రాసి పెట్టారు. 23 రోజులు పట్టపగలే కనిపించిందట, దాదాపు రెండేళ్ళకి మాయమైంది. ఆ పేలుడు మిగిల్చిందే ఇప్పటి క్రాబ్ నెబ్యులా అనే వాయువుల మేఘం. మొదటి వ్యాసానికి గంటా యాభై నిమిషాలు. రెండోదానికి గంట. మూడోది నలభై నిమిషాలు. నాలుగోది పాతిక నిమిషాల్లో, ఆరు మాటలకే డిక్షనరీ. మాస్టారూ, ఇప్పుడు తవ్వడం తగ్గినట్టేనా? మరుసటి రోజు సంగతి మార్చి పట్టుపురుగుల మీద చదివితే మళ్ళీ గంటన్నర. అది కూడా నిజాయితీగా చెప్పాలి.

టీచరమ్మతో అతిథి నక్షత్రం గురించి పది నిమిషాలు చైనీస్‌లో మాట్లాడాను. ఆవిడ మూడు చోట్ల ఆపి "అది రాసే మాట, ఇలా అను" అని సరిచేసింది. దుబాసీ గారి స్క్రూడ్రైవర్ గుర్తొచ్చింది.

లెక్కల_మాస్టారు
ఆరు మాటలంటే 97 శాతం దాటారు. పార తీసి పక్కన పెట్టొచ్చు, పట్టుపురుగులకి మళ్ళీ తియ్యండి.

శ్రీసిటీ_దుబాసీ
ఆ 'కె' మా 'కె హూ'లో కెనా? కె హూ అంటే మా దగ్గర కస్టమర్. రోజుకి వందసార్లు అంటాను.

పాత_పేజీల_పురుగు
అదే. 'కె థింగ్' అంటే అతిథులు కూర్చునే హాలు, అందులోనూ అదే.

శ్రీసిటీ_దుబాసీ
ఆరేళ్ళుగా అంటున్నాను, అతిథి అని ఒక్కసారీ తట్టలేదు. మా కస్టమర్లు కూడా ఉన్నట్టుండి వెలుగుతారు, రెండేళ్ళకి మాయమైపోతారు. డాక్టరు గారూ, ఆ మలేరియా వ్యాసం నాకు కూడా పంపండి.

గుంటూరు_ఘాటు
ప్రొఫెసర్ గారు మళ్ళీ చదువు మొదలుపెట్టారు 😂

సింగపూర్_అమ్మమ్మ
నాని బాబూ, అమ్మకి జ్వరం తగ్గిందా?

నెల్లూరు_నాని
తగ్గిందండీ. ఇప్పుడు ఆవిడే అడుగుతోంది, ఆ అతిథి చుక్క మళ్ళీ ఎప్పుడొస్తుందని.